ఉత్తరం లేని మనిషి

ఆదివారం ఏలీయా వచ్చి మొదటి గంట కొట్టేసరికే ఒక ముసలాయన గుడిలో ముందు చాప మీద కూర్చొని ఉన్నాడు.

తలకు టోపీ. కాళ్లకు బూట్లు. మొహం మాత్రం మన వైపు మొహమే.

"తాతా, బూట్లు బయట."

"మర్చిపోయినా నాయనా. అక్కడ వేసుకొనే కూర్చుంటాం."

"ఎక్కడ?"

"నెటాలులో. సముద్రం అవతల. చెరుకు తోటల్లో పనికి పోయి ముప్పై ఏండ్లాయె. ఒకసారి చూసి పోదామని వచ్చినా."

ఏలీయా సంఘపెద్ద. ఆ పూట ఆయనకు ముచ్చట్లాడే తీరిక లేదు. మార్కాపురం నుంచి పాస్టరుగారు మూడు నెలలకొకసారి వచ్చి ప్రభువు బల్ల అని రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజది. రొట్టె కోయాల. ద్రాక్షరసం వడగట్టాల. చాపలు దులపాల.

ముసలాయన వెనకాలే తిరిగినాడు.

"ఈ కిటికీ మూసినారేంది?"

"మేకలు దూరతాయి."

"పాట ఎవరెత్తుతారు?"

"నేనే."

"నీ గొంతు బాగలేదే."

ఏలీయా పళ్లు కొరికినాడు.

"తాతా, నువ్వు కాసేపు కూర్చో."

కూర్చున్నాడు. కూర్చొని మళ్లా అడిగినాడు.

"నాకూ రొట్టె ఇస్తావు గదా?"

"ఉత్తరం ఉందా?"

బయటోడెవరైనా ఇక్కడ బల్ల తీసుకోవాలంటే సొంత సంఘం నుంచి ఉత్తరం తేవాల. ఈయన బాప్తిస్మం పొందినోడు, నడత మంచిది అని. అది ఈ సంఘంలో ముందు నుంచీ ఉన్న కట్టడి.

ముసలాయన జేబులోంచి ఎండిపోయిన కాగితపు ఉండ తీసినాడు.

"ఓడలో తడిసింది."

"ఇది ఉత్తరమా, సంగటి ముద్దా?"

వెనక ఇద్దరు నవ్వినారు. ముసలాయన కూడా నవ్వినాడు.

"మధ్యాహ్నం దొనకొండలో రైలెక్కాల. ఎల్లుండి మద్రాసులో ఓడ. మళ్లా రాలేను నాయనా. ఈ గుడిలో ఒక్కసారి బల్ల తీసుకుందామని అంత దూరం వచ్చినా."

"నిన్నెరిగినోళ్లు ఎవరన్నా ఉన్నారా?"

"పొద్దున్నే దిగినా. తట్టిన తలుపులన్నీ కొత్త మొహాలే. మావోళ్లు గత్తర జబ్బులో పోయినారంట."

"అయితే నేనేం చేసేది? గిద్దలూరు నుంచి ఇల్లరికం వచ్చినప్పుడు నేనూ ఉత్తరం తెచ్చినా."

"ఆ కట్టడి పెట్టినోళ్లు కొంచెం తొందరపడినట్టున్నారు."

ఏలీయాకు ఒళ్లు మండింది.

"మా పెద్దోళ్లను అంటావా? నీలాంటోళ్లు వస్తారనే పెట్టినారు."

"అదీ నిజమే," అన్నాడు ముసలాయన.

ఆరాధన మొదలైంది. ప్రసంగం అయ్యింది. ఏలీయా రొట్టె పళ్లెం పట్టుకొని వరస వెంట వచ్చినాడు.

ముసలాయన చెయ్యి చాపినాడు.

ఏలీయా పళ్లెం పైకెత్తి పక్కాయన ముందు పెట్టినాడు. ఆ చెయ్యి కొంచెంసేపు అట్లనే ఉంది. తర్వాత వెనక్కి పోయింది.

ఆఖరి పాటకు ఆయన చోటు ఖాళీ.

ఇంట్లో అత్త హన్నా జ్వరంతో మంచం మీదుంది. అందుకే ఆమె గుడికి రాలేదు. ఏలీయా కాళ్లు కడుక్కుంటూనే సణిగినాడు.

"ఎవడో ఓడ తాత అత్తా, ప్రాణం తీసినాడు. కిటికీ తప్పంట, గొంతు తప్పంట, కట్టడి తప్పంట."

"సముద్రం అవతల నుంచా?"

"అంట."

"పేరేంది?"

"అడగలేదు."

"రొట్టెకు చెయ్యి చాపినాడా?"

"చాపినాడు. నేనియ్యలేదు."

"ఆ చేతికి వేళ్లెన్ని?"

ఏలీయా గుర్తు చేసుకున్నాడు.

"మూడు."

హన్నా లేచి కూర్చుంది.

"తక్కిన రెండూ మన గుడి పునాది రాయి కింద నలిగినయ్. ఆయన పిచ్చయ్య. పో, పిలుచుకరా."

ఏలీయా చెప్పులు తొడగకుండా దొనకొండ దాకా పరుగెత్తినాడు. రైలు పోయి చాలాసేపయింది.

పొద్దు వాలేటప్పటికి తిరిగి వచ్చి గడప మీద కూలబడినాడు.

"నేనేం తప్పు చేసినా అత్తా? కట్టడి కట్టడే గదా."

"నీ తప్పేం లేదులే," అంది హన్నా. "ఉత్తరం లేకుంటే కన్నతండ్రి వచ్చినా ఇయ్యొద్దని ఆ కట్టడి పెట్టింది ఆ పిచ్చయ్యే, ఈ సంఘానికి మొదటి పెద్ద."