ఇంటర్వ్యూ ఆట

“పాప దేనికి భయపడుతుంది?” కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని అడిగింది ఇనాయత్.

“కుక్కలకి,” అన్నాడు హాతిమ్.

“అది పోయింది. ఇప్పుడు లిఫ్టంటే భయం,” అంది మర్వా, అతని వైపు చూడకుండానే.

“ఎప్పట్నించి?”

“చాన్నాళ్ళయింది.”

ఇనాయత్ కళ్ళజోడు తీసేసింది. “చాల్లే సంబడం! కన్నకూతురి భయమేమిటో తెలియని తండ్రికి ఆ పెద్దబడి వాళ్ళు సీటిచ్చి పంపుతారనుకున్నావా బాబూ?”

“ఆఫీసులో పని ఎక్కువ, అబ్లా,” అని మర్వా టీచరమ్మకి చప్పున అడ్డుపడింది.

మొగుణ్ణి వెనకేసుకొచ్చింది, పరవాలేదు అనుకుంది ఇనాయత్.

కైరోలో, షుబ్రా సందుల్లో ఆమె నడిపే పసిపిల్లల బడి చిన్నదే. కానీ అక్కడ అక్షరాలు దిద్దిన పిల్లలకి పేరున్న ప్రైవేటు బడుల్లో సీటు ఖాయమని పేట పేటంతా చెప్పుకుంటుంది. ఆ బడుల వాళ్ళు పిల్లల కంటే తల్లిదండ్రుల్నే ఎక్కువ పరీక్షిస్తారు. ఇల్లు కుదురుగా లేదని అనుమానం వస్తే చాలు, పిల్ల ఎంత చురుకైనదైనా గేటు బయటే. అందుకే ఇనాయత్ ముందు పెద్దవాళ్ళకి పాఠం చెబుతుంది.

ఈ జంటతో ఆమెకి తల ప్రాణం తోకకొచ్చింది. పిల్లల కుర్చీల్లో, బస్సులో పక్కపక్క సీట్లు దొరికిన ప్రయాణికుల్లా కూర్చునేవాళ్ళు. పాప సెల్మా మాత్రం మధ్యలో దూరి, ఇద్దరి చేతులూ లాగి తన ఒళ్ళో పెట్టుకునేది. పాఠం అయిపోతే “మళ్ళీ ఇంటర్వ్యూ ఆట ఆడదాం” అని ఏడ్చేది.

రానురాను హాతిమ్ దారికొచ్చాడు. సెల్మా ఏ పాటకి నిద్రపోతుందో, ఏ కూర పక్కకి నెట్టేస్తుందో మర్వాని అడిగి మరీ నేర్చుకున్నాడు.

“సెలవురోజు మీ ఇంట్లో ఎలా ఉంటుంది?” అడిగింది ఇనాయత్ ఒక సాయంత్రం.

“శుక్రవారం పొద్దున్నే ఈయన పాపని భుజాన ఎక్కించుకుని వీధి చివర్నించి వేడి వేడి ఫూల్, అదే ఆ చిక్కుడుగింజల కూర, తెస్తారు,” అంది మర్వా. “వచ్చి టీ పెడతానని గిన్నె మాడుస్తారు.”

“ఆ గిన్నె పట్టుకుని ఈవిడ మూడిళ్ళకి వినబడేలా అరుస్తుంది.”

ఇద్దరూ ఒక్కసారి నవ్వారు. నవ్వుతూనే మర్వా ముఖం పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. ఇనాయత్‌కి గుండె నిండిపోయింది. ఆ రోజే పెద్దబడికి ఫోన్ చేసింది. “వాళ్ళ ఇంటికి నాదీ పూచీ. అలాంటి కాపురం నేను చూళ్ళేదు.”

సీటొచ్చింది. బస్బూసా మిఠాయి పట్టుకుని ముగ్గురూ వచ్చారు.

“బడి సంగతి సరే, ఇంట్లో కూడా ఇలాగే ఉండండర్రా,” అంది ఇనాయత్. ఇద్దరూ తల దించుకున్నారు.

సాగనంపడానికి వీధి గుమ్మం దాకా వెళ్ళింది. తండ్రి భుజం మీదే సెల్మా నిద్రపోయింది. ఆ చిన్న పిడికిట్లోంచి చొక్కా కాలరు విడిపించుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది. పిల్లని మర్వా చేతుల్లో పెట్టాడు. పెట్టి, కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

“ఇక బయల్దేరు హాతిమ్, మీ ఆవిడ ఎదురుచూస్తుంటుంది,” అంది మర్వా.