మబ్బులొచ్చే ఇల్లు

ముసలి ఉడుత మాణిక్యమ్మకి మతిమరుపు భయం పట్టుకుంది. అందుకే వానాకాలపు గింజల్ని నాలుగు చోట్లా దాచడం మానేసి, అన్నిటినీ కొండకొమ్మున కొన్న కొత్త తొర్రలోకి మోసింది.

“మబ్బులు నేరుగా ఇంట్లోకే వస్తాయి పిన్నిగారూ,” అని ఊరించి ఆ ఇల్లు అంటగట్టింది కొండముచ్చు.

పాపం, అది మాట తప్పలేదు. వానలు మొదలవగానే మబ్బులు వచ్చి చుట్టాల్లా తిష్ఠవేశాయి. గింజలన్నీ బూజుపట్టాయి.

“తినడానికేం మిగల్లేదు నాయనా.”

“అంత అందం ఎదురుగా పెట్టుకుని తిండి మాటలేమిటండీ,” అంది కొండముచ్చు, జామపండు కొరుకుతూ.

మాణిక్యమ్మ ఆకలితో జారుతూ కిందికి దిగింది. పాత చెట్టు దగ్గర తోడికోడలు గింజలు నములుతోంది.

“ఇవెక్కడివే?”

“నువ్వు దాచి మరిచిపోయినవే అక్కా. ఏటా మాకు గడిచేది వీటితోనే. రా, నువ్వూ తిను.”

మాణిక్యమ్మ కడుపునిండా తింది. కొండమీద ఇల్లు కొన్న సంగతి మాత్రం ఎంత ప్రయత్నించినా మరపుకు రాలేదు.