అప్పలసూరి వంతు

“సచ్చిపోయినోడికి వంతేటి మావా?” అన్నాడు సోములు వేటపెద్దతో.

కొండ కింద కుర్రాళ్ళు విల్లంబులు పట్టుకుని వరసలో నిలబడుతున్నారు. ఆ వరస మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదలమని దానమ్మ అడిగింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు అప్పలసూరిని కిందటేడు ఇదే వేటలో అడవిపంది చంపేసింది.

చైత్రంలో పెద్దల వేటకు ముందురోజు కుర్రాళ్ళది. పద్నాలుగు నిండాలి, పదహారు దాటకూడదు. ఒక్కొక్కరికి ఏడాదికొకటి చొప్పున మూడు వంతులు. ఆ రోజు పెద్దలు వెనక డప్పులు కొట్టి జంతువును తోలడమే తప్ప ఆయుధం ముట్టరు. వయసు విషయంలో తల్లి చెప్పిందే లెక్క. వేటకు మనిషి వెళ్ళని ఇంటికి మాంసంలో వాటా లేదు.

సోములు కోపం ఊరికే వచ్చింది కాదు. అతని కొడుక్కి పదిహేడు వచ్చి మూడు నెలలే అయింది. పొద్దున్నే వాణ్ణి వెనక్కి పంపేశారు. బతికున్నవాడికి దొరకని చోటు, లేనివాడికి ఇవ్వడం ఏం న్యాయమని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు.

దానమ్మ గొంతు పెంచలేదు. “ఆడు రెండుసార్లే ఎల్లినాడు. ఒకటి ఉండిపోనాది. ఆ సోటులో ఇంకోణ్ణి నిలబెట్టకండి, అంతే,” అంది.

అందరూ వేటపెద్ద నరసింగరావు వైపు చూశారు. కిందటేడు పంది మీదికొచ్చినప్పుడు మిగతా కుర్రాళ్ళు చెట్లెక్కేశారు. అప్పలసూరి చెయ్యి కొమ్మకు అందలేదు. వాడు ఎగిరెగిరి అందుకోబోవడం నరసింగరావు దూరం నుంచి చూశాడు, పరిగెత్తాడు, చేరుకోలేకపోయాడు. పదిహేనేళ్ళవాడికి అందాల్సిన కొమ్మే అది. వాడి చిన్నప్పుడే పోయిన తండ్రీ పొట్టివాడే కదా అని ఏడాదంతా తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. ఆ మాట ఎప్పుడూ నిద్ర పట్టనివ్వలేదు.

“ఆడికి ఈ ఏడు పదారు. వంతు ఉన్నాది. సోటు ఒగ్గీండి,” అన్నాడు.

కొండల్లో పోలీసులు తిరుగుతున్న రోజులవి. నాటు తుపాకులు ఎవరూ బయటికి తీయలేదు. డప్పుల మోత ఒక్కటే పైనుంచి దిగుతూ వచ్చింది. కాసేపటికి పొదలు కదిలి, కొమ్ముల దుప్పి ఒకటి బయటపడింది. మనుషులున్న చోట్లన్నీ పసిగట్టి సరిగ్గా ఆ ఖాళీ వైపే దూకింది. పోయిందనుకున్నారు అందరూ.

ఖాళీకి రెండు బారల దూరంలో దుప్పి ఆగిపోయింది. చెవులు నిక్కబొడుచుకుని, మెడ కాస్త కిందికి దించి, ఎదురుగా ఉన్నవాణ్ణి చూసినట్టు చూసింది. అక్కడ ఎండుగడ్డి తప్ప ఏమీ లేదు. గాలి కూడా లేదు. మరుక్షణం అది బెదిరి పక్కకు తిరిగింది. ఆ పక్కన గంగులు అనే కుర్రాడు ఉన్నాడు. వాడి బాణం దాని మెడలో దిగింది.

దుప్పి పడ్డాక ఎవరూ కేకలు వేయలేదు. గంగులు విల్లు అక్కడే వదిలేసి దూరంగా పోయి కూర్చున్నాడు. పక్కనెవరో రొప్పుతుంటే విన్నానని, ఎవరో ఎగిరెగిరి అలిసిపోయినట్టు ఉందని మెల్లగా చెప్పాడు.

జంతువును మళ్ళించినవాడికి కొట్టినవాడితో సమానంగా ఒక తొడ ఇవ్వాలి. ఆ మాట ఎత్తింది సోములే. తనే కత్తి తీసుకుని తొడ కోసి అడ్డాకుల్లో చుట్టాడు. దానమ్మ ఇంటికి అది పట్టుకెళ్ళడానికి మాత్రం ఎవరికీ కాళ్ళు రాలేదు. చివరికి నరసింగరావే వెళ్ళాడు.

పొద్దు వాలుతోంది. దానమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. జరిగిందంతా ఆయన చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోలేదు. పొట్లం విప్పకుండా ఒళ్ళో పెట్టుకుంది.

“మూడు వంతులూ అయిపోనాయి దానమ్మా. వచ్చే ఏటికి ఆడికి పదిహేడు. ఇంక ఆడి సోటు అడగకు. కుర్రోళ్ళు బయపడతన్నారు. ఆణ్ణి ఎల్లిపోనీ,” అన్నాడు నరసింగరావు. ఆయన గొంతులో ఏడాది తర్వాత మొదటిసారి కాస్త తేలిక వినిపించింది.

దానమ్మ పొట్లం మీద జారిన అడ్డాకును సరిచేసింది.

“వాటా వస్తాదని నేనే రెండేళ్ళు కలిపి సెప్పినాను మావా,” అంది. “ఆడికి పద్నాలుగు నిండింది ఈ ఏడే.”