భార్గవి జవాబు

రేణుక మొగుడి చేతిలోంచి ఫోను లాక్కుంది.

“బిడ్డ పోయి నాలుగు నెల్లు కాల్యా. నీకు కార్ల బొమ్మలు కావాల్నా?”

హంపన్న తల దించుకున్నాడు.

ఫోనులో నూరేళ్లనాటి అమెరికా పత్రికలోని కారు ప్రకటన ఉంది. పేరు చెరిపేసి, అదేం కారో చెప్పమని గ్రూపులో అడిగారు. ఆ ఆట రేణుకకు తెలుసు. కూతురు భార్గవికి అదే పిచ్చి. కంప్లి రోడ్డులో స్కూటరు మీంచి పడి చనిపోయేదాకా, ఏయే దేశాలవాళ్లతోనో పోటీపడి అలాంటి కార్లను గుర్తుపట్టేది.

అప్పుడు గమనించింది, అది కూతురి ఫోను. ప్రకటనకు పైన నిన్నటి జవాబు: ‘అది మూన్ కంపెనీ కారు.’ పక్కనే భార్గవి పేరు.

“ఎవురు రాసినారిది?”

“నేనే. పాప పుస్తకాలు తిరగేసి దినామూ రాస్తాండా.” హంపన్న ఫోను వైపు వేలు చూపించాడు. “ఆ గ్రూపోళ్లకు తెలీదు రేణుకా. వాళ్లకింకా మన పాప ఉండాది.”

ఫోను టింగుమంది. హంపన్న వంగి చదివాడు.

“‘భార్గవీ, ఈరోజు నీ జవాబు రాలేదే’ అని అడుగుతాండారు. ఎంత వెతికినా ఈ కారు పేరు దొరకల్యా. ఇంగ చెప్పేస్తా, పాప లేదని.”

రేణుక ఆ బొమ్మకేసి చాలాసేపు చూసింది. తర్వాత అతని పక్కన కూర్చుని, ఫోను అతని చేతిలో పెట్టింది.

“పాప చూస్తాండాది, రవ్వంతసేపు ఆగమని రాయి” అంది.