జంట కుదిరింది

కోర్సు వదిలేసి పోయిన ఇరవయ్యో నంబరు అమ్మాయి పేరును మేడమ్ రిజిస్టరులో కొట్టెయ్యలేదు. పైగా హాజరు వేసింది.

వెయ్యక ఏం చేస్తుంది? హెడ్ సారు ముందే బెదరగొట్టాడు. "ఇరవై మందికి ఒక్కరు తగ్గినా పైవాళ్లు కోర్సు ఎత్తేస్తారు. మీ కుర్చీ, నా కుర్చీ రెండూ ఎగిరిపోతాయి!"

ప్రోగ్రామింగ్ అంటే హడలిపోయి పిల్లలు చల్లగా జారుకుంటున్నారు. అందుకే జంటలు కట్టించారు. ఒకరు ప్రోగ్రాం రాయాలి, రెండోవాళ్లు తప్పులు పట్టాలి. తోడుంటే నిలబడతారని ఆశ.

చిక్కంతా అక్కడే వచ్చింది. లేని అమ్మాయికి జంట పంతొమ్మిదో నంబరు అబ్బాయి. ఉద్యోగం చేసుకుంటున్నాడట, క్లాసుకు రాడు, అంతా ఇంటినుంచే. గత్యంతరం లేక అమ్మాయి పేరుతో మేడమే ప్రోగ్రాములు రాసి పంపసాగింది. అనుమానం రాకుండా నాలుగు తప్పులు కావాలనే పెట్టేది.

అతను ఐదు పట్టాడు.

మేడమ్‌కు తల కొట్టేసినట్టయింది. ఉక్రోషంతో రాసేసింది: "ఇక నావల్ల కాదు. మానేస్తున్నా."

క్షణంలో జవాబు వచ్చింది. "అయ్యో, అంతమాట అనకండి! మీరు పోతే నేనూ ఉండలేను. ఎలాగోలా ఇద్దరం గట్టెక్కుదాం."

మేడమ్‌కు అప్పుడు తట్టింది. వీడూ పోతే కోర్సు గల్లంతే! ఆ రోజునుంచి బుద్ధిగా రాసింది. రానురాను పొద్దున్నే అతని జాబు చూడందే కాఫీ గొంతు దిగేది కాదు. ఇంత మంచి పిల్లాణ్ణి మోసం చేస్తున్నానే అని లోలోపలే కుమిలిపోయేది.

పరీక్ష రానే వచ్చింది. జంటలు పక్కపక్కన కూర్చుని రాయాలి. నిజం చెప్పేసి అతన్ని బతిమాలుకుందామని మేడమ్ గంట ముందే వచ్చి, ఖాళీ గదిలో ఇరవయ్యో నంబరు కుర్చీలో కూర్చుంది.

తలుపు తోసుకుని హెడ్ సారు వచ్చాడు. మేడమ్ దిగ్గున లేచి నిలబడింది.

"ఆ కుర్చీ అమ్మాయి ఇంకా రాలేదా?" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"ఆ అమ్మాయితో మీకేం పని సార్?"

సారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"కాళ్లు పట్టుకోవాలి మేడమ్. ఆ పంతొమ్మిదో నంబరువాడు మొదటివారమే ఉడాయించాడు... అప్పట్నుంచీ వాడు నేనే!"