గాలికి దారి

విమానం చక్రాలు గడ్డిని తాకాయో లేదో, క్లబ్బు స్నేహితుడు అక్సెల్ కేక వేశాడు.

"ఈ వారం కూడా బీరు నీదేరా ప్రేబెన్!"

ఆ విమానాల క్లబ్బులో తప్పు చేసినవాడు అందరికీ బీరు పోయించాలి. గాల్లోకి లేచిన కాసేపటికే దిగిపోవడం తప్పే మరి. ప్రేబెన్ నవ్వలేదు. ఇంజను వేడి చూపే సూది మళ్ళీ ఎర్ర గీత దగ్గరికి పోయింది. సొంత చేతులతో కట్టుకున్న విమానం. ఈ వేడి తగ్గేదాకా పక్క సీట్లో భార్య బిర్తెను కూర్చోబెట్టే ధైర్యం అతనికి లేదు.

"గాలి ఇంజనుకు తగలకుండా పక్కకు పోయే సందులన్నీ రబ్బరుతో మూశాను. ఇంకేం చెయ్యమంటావురా?"

అక్సెల్ వంగి, ఇంజను మీది తొడుగు కింద చెయ్యి పెట్టి చూశాడు.

"గాలి ముందునుంచి బాగానే వస్తోంది. బయటికి పోయే దారే ఇరుకు. పొగగొట్టం మూసి పొయ్యి రాజేసినట్టుంది. ఈ వెనక అంచు కాస్త కోసెయ్."

"కొయ్యను."

"ఎందుకని?"

"అది బిర్తె చేసింది."

అక్సెల్ తొడుగు మీంచి చెయ్యి తీసేశాడు. చలికాలమంతా ఆమె షెడ్డులో కూర్చుని, గాజునార మీద జిగురు పొరలు పొరలుగా పూసి, అరగదీసి, ఆ తొడుగును అద్దంలా నున్నగా చేసిందని క్లబ్బులో అందరికీ తెలుసు.

ఆదివారం చర్చిలో ప్రార్థన సాగినంతసేపూ ప్రేబెన్ కళ్ళముందు రంపమే ఆడింది. దేవుడు అడిగితే అబ్రాహాము కన్నకొడుకునే బలి ఇవ్వబోయాడు. ఒక అంచు కొయ్యడానికి తనకింత బాధేమిటి? అయినా అబ్రాహాము ముందుగా భార్యను అడిగాడని ఎక్కడా రాయలేదే!

ఇంటికొచ్చి కాఫీ ముందు కూర్చున్నాక ధైర్యం కూడగట్టుకున్నాడు.

"బిర్తె, ఒక మాట. కోప్పడకు."

"కోప్పడే మాటైతే కోప్పడతాను. చెప్పు."

"నీ తొడుగు... వెనక అంచు... కొంచెం..."

"కొయ్యాలా?"

ప్రేబెన్ తల దించుకున్నాడు. "నీ పని బంగారం. గాలికే దారి చాలడం లేదు."

బిర్తె కప్పు కింద పెట్టింది. లేచి షెడ్డు వైపు నడిచింది. ప్రేబెన్ గబుక్కున లేచాడు. కాఫీ అక్కడే వదిలేసి వెంటపడ్డాడు.

"కొయ్యనులే! ఎగరకపోతే పోయె, ఇద్దరం బస్సులో తిరుగుదాం!"

ఆమె వినిపించుకోలేదు. అటక మీంచి దుప్పటి చుట్టిన పెద్ద మూట ఒకటి దించి, విప్పింది. ఇంకో తొడుగు. అదే నీలం రంగు, అదే నునుపు. వెనక గాలి పోయే దారి మాత్రం బాగా వెడల్పు.

"నువ్వు గీసిచ్చిన కొలత చూసిన రోజే ఇరుకనిపించిందయ్యా," అంది బిర్తె. "అంత మురిసిపోతూ గీసుకున్నావు, తప్పని నీకెలా చెప్పను? అందుకే రెండూ చేశాను."