ఒక్క పచ్చ బటన్

“దళారి కాటా సంగతి అడుగుతావేటి తల్లీ? దానిమీద ఏనుగునెక్కిస్తే మేకపిల్లంత తూగింది,” అన్నాడు బుధు తాత.

లిదియా నవ్వాపుకుని రాసుకుంది. విశాఖలో ఆమె పైఅధికారి రోనాల్డ్ ఒకటే చెప్పి పంపాడు. “దళారి లేకుండా రైతే కాఫీ గింజలు అమ్ముకునే యాప్ ఇది. ఏం కావాలో రైతు నోటినుంచే రాబట్టుకురా. ఈసారీ ఊహించి రాశావో, నీ ఉద్యోగం ఉండదు.”

అందుకే పొద్దున్నే హుకుంపేటలో జీపెక్కి ఈ కొండ ఊరికొచ్చింది. గింజలు ఆరబోస్తున్న సోములమ్మను, “కాఫీ సంగతులు బాగా తెలిసినవాళ్లెవరు?” అని అడిగింది.

“కాపీ కాడికొత్తే ఆయన్నే అడగాల,” అంటూ సోములమ్మ తాతను చూపించింది.

నిజమే. తాత గింజ కొరికి తేమ చెప్పాడు. బస్తా ఒంటిచేత్తో లేపి, “నలభైరెండు కిలోలు,” అన్నాడు. సోములమ్మ వైపు ఓసారి చూసి, “కాదులే, ముప్పయ్యెనిమిది,” అని సర్దుకున్నాడు. తప్పు ఒప్పుకునే ఆ గుణం లిదియాకు నచ్చింది.

“యాప్‌లో రోజూ ధర చూపిద్దామా తాతా?”

“వద్దు.”

“ఎందుకు?” ఎందుకని ఐదుసార్లు అడిగితే అసలు సంగతి బయటపడుతుందని ఆమెకు శిక్షణలో చెప్పారు.

“సూత్తే ఆశ.”

“ఆశయితే?”

“నిద్దరట్టదు.”

“పట్టకపోతే?”

“పగలు తోటలో కునుకుతారు.”

“కునికితే?”

“ఎలుగొచ్చి కాపీ పళ్లు తినేత్తది. పోయినేడు ఒకటి తినేసి, మూడ్రోజులు నిద్దర్లేక ఊరంతా తిరిగింది పాపం. నానే జోలపాడి పడుకోబెట్టాను.”

ఐదోది అడిగే ధైర్యం ఆమెకు చాలలేదు. ‘ధర వద్దు’ అని రాసుకుంది.

“మరేం కావాలి?”

“ఒక్క పచ్చ బటన్. నొక్కితే మనిషొచ్చి గింజలట్టుకెళ్లాల.”

“నొక్కితే ఎవరి ఫోన్ మోగాలి?”

“నాదే ఎట్టెయ్. ఊళ్లో ఏ ఏళైనా సిగ్నలందేది నా పోనుకే.”

ఆ కాగితాలు చూసి రోనాల్డ్ మురిసిపోయాడు. “రైతు గొంతంటే ఇదీ,” అన్నాడు. ఉద్యోగం నిలిచింది.

రెండు నెలలకు ఇద్దరూ యాప్‌తో ఊరికొచ్చారు. సోములమ్మ తన ఫోన్‌లో పచ్చ బటన్ నొక్కింది. అవతలి అరుగుమీద తాత జేబు మోగింది. ఆయన చేతిసంచీ తీసుకుని హుషారుగా లేచాడు.

“ఇంతకీ తాతగారికి ఎన్నెకరాల తోటమ్మా?” అని అడిగాడు రోనాల్డ్.

సోములమ్మ వింతగా చూసింది.

“తోటేటి బాబూ, ఆయన మా దళారి.”